మా ఆవిడ సీమకోడి బర్గర్లు

నాకు వంట వచ్చని రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా నేను చేసే పని ఏమిటో వాళ్ళలో సగం మందికి తెలియదు. కానీ క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మా చర్చి ఆవరణలో పొయ్యి తవ్వించి, పెద్ద డేక్సాలో మటన్ పలావు వండేది నేనేనని పసిపిల్లలు కూడా చెప్పేవారు. మా నాన్న విజయనగరం నుంచి రైల్వేలో కలాసీగా ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. వంట నేర్పింది ఆయనే. ముక్క ఎంత ఉడికిందో వేలితో నొక్కి చెప్పడం, ఎసరు వాసన పట్టి బియ్యం పోయడం ఆయన దగ్గరే వంటబట్టాయి. ఆయన పోయాక గరిటె నా చేతికి వచ్చింది. పదేళ్ళకు పైగా ఆ చోటు నాదే. ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చే వేళకు నేను డేక్సా మూత తీసేవాణ్ణి. ఆవిరి లేవగానే అందరూ ఒక్క క్షణం మాట్లాడడం ఆపేవారు. ఆ ఒక్క క్షణం కోసమే అంత చాకిరీ చేసేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. పుట్టిల్లు భీమిలి దగ్గర. ఇంట్లో ఆవిడ వండితే పప్పు, చారు, ఏదో ఒక వేపుడు, అంతే. ఆదివారం మాంసం నాది. చర్చిలో ఆడవాళ్ళు చేరి, నీకేం తల్లీ, ఆయనే వండి పెడతాడు, పెట్టిపుట్టావు అంటే ఆవిడ నవ్వేది. అది సంతోషమేనని అనుకున్నాను.

ఎనభైల్లో, మా అమ్మాయి నాలుగో ఐదో చదువుతున్న రోజుల్లో, తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో చేరిన ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడను మా ఆవిడ చాలాకాలం చూసుకుంది. ఆ పెద్దావిడ భర్త ఇంజను డ్రైవరుగా చేసి పోయాడు. తెలీబంధా చెరువు వైపు ఒక పాత పెంకుటింట్లో ఒక్కర్తే ఉండేది. ఇంటికి వెళ్ళిపోయాక కూడా ఆవిడను నడిపించడానికి మా ఆవిడ వారానికి రెండుసార్లు సైకిలు మీద తెలీబంధా వెళ్ళేది. పెరట్లో పెద్దావిడ సీమకోళ్ళు, అదే టర్కీ కోళ్ళు, పెంచేది. ఒకరోజు మా ఆవిడ సైకిలు వెనక బుట్ట కట్టుకుని వచ్చింది. మూత తీస్తే అందులో రెండు సీమకోడి పిల్లలు, మెడలు సాచి మమ్మల్ని చూస్తున్నాయి.

వాటిని మా పెరట్లోనే పెంచాం. పెద్దవయ్యేకొద్దీ వాటి మెడ కింద ఎర్రటి తోలు వేలాడ్డం మొదలైంది. పుంజు తోక విప్పి గునగున తిరుగుతుంటే, గోడ అవతల ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడ తొంగి చూసి, "ఏ కా చిరయీ ఏ దీదీ, మోర్ కి గిద్ధ్?" అని అడిగింది. ఇది నెమలా, రాబందా అని ఆవిడ సందేహం. మా ఆవిడ నవ్వి, రెండూ కాదు, విలాయతీ కోడి అని చెప్పింది. నాకు ఆ పక్షులంటే మొదట్నుంచీ పడలేదు. నా కూరమళ్ళలో కాళ్ళు పెట్టేవి. నీళ్ళ పంపు పక్కన పుదీనా మడి, దాని వెనక కొత్తిమీర, పగిలిన బకెట్లో వాము ఆకు, గోడ పొడుగునా ఉల్లికాడలు, అవన్నీ నేను వేసినవి. నా పలావుకు పుదీనా బజారు నుంచి తెచ్చేవాణ్ణి కాదు.

ఎనిమిది తొమ్మిది నెలల తర్వాత ఒక ఆదివారం పుంజును కోశాం. అది ఎలా వండాలో నేను అప్పటికే మనసులో అనుకుని ఉన్నాను. మిరియాలు దంచి, కొబ్బరి వేయించి, ముద్దగా ఇగురు పెడదామనుకున్నాను. మసాలా తీస్తుంటే మా ఆవిడ వచ్చి, ఈ కోడి తనకు ఇవ్వమంది. తెలీబంధా పెద్దావిడ ఒకటి నేర్పిందట, అది చేసి చూస్తుందట. పెద్దావిడ దగ్గర్నుంచి తెచ్చిన కీమా మిషను అప్పటికే బల్ల అంచుకు బిగించి ఉంది. నేను పక్కకు తప్పుకున్నాను. అన్నం తినేవాడి ముందు నుంచి కంచం తీసినట్టు అనిపించింది.

మాంసం మిషనులో వేసి చక్రం తిప్పింది. పాలల్లో నానబెట్టిన పాత రొట్టెను చేత్తో పిండి అందులో వేసింది. ఉల్లిపాయ తరిగి, నెయ్యిలో మగ్గించి, చల్లారాక కలిపింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి నా మడిలోంచి పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు, నాలుగు వాము ఆకులు తెంపుకొచ్చింది. వాటిని కత్తితో చాలాసేపు తరిగింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఒక్కసారి కూడా తలెత్తి, ఇంత చాలా అని నన్ను అడగలేదు. అప్పటిదాకా ఇంట్లో మాంసం ఎవరు వండినా ఆ మాట నన్ను అడగాల్సిందే. బిళ్ళలు చేసి, ఒక్కోదాని నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కింది. అలా చెయ్యకపోతే పెనం మీద బంతిలా పొంగుతాయట. బేకరీ నుంచి తెచ్చిన బన్నులు నిలువునా కాకుండా అడ్డంగా కోసి, లోపలి వైపు పెనం మీద కాల్చింది. వేడి బిళ్ళ ఒకటి, దాని మీద ఉల్లి చక్రం, టమాటా ముక్క, మళ్ళీ బన్ను మూత.

మా అమ్మాయి రెండు చేతులతో పట్టుకుని కొరికింది. గడ్డం మీదకు రసం కారింది. తుడుచుకోకుండా ఇంకోసారి కొరికింది. దీన్ని బర్గర్ అంటారని, తన క్లాసులో ఎవరూ తిని ఉండరని చెప్పింది.

నేనూ తిన్నాను. అంత పొడి మాంసం అంత మెత్తగా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నమిలేకొద్దీ పుదీనా వెనక వాము ఘాటు వచ్చేది. చాలా బాగుంది. మా ఆవిడ నా మొహం వైపు చూస్తోంది. మనిషి మంచి మాట ఒకటి అనడానికి అంతకంటే తేలికైన సమయం ఉండదు.

"ఉప్పు కాస్త తగ్గింది" అన్నాను.

ఆవిడ సరేనంది. ఉప్పు తగ్గలేదని మా ఇద్దరికీ తెలుసు.

అప్పటి నుంచి అది కాలనీ అంతా పాకింది. మొదట ఆస్పత్రిలో ఎవరికో బదిలీ అయితే, వీడ్కోలు టీకి మా ఆవిడ ఒక పళ్ళెం నిండా తీసుకెళ్ళింది. తర్వాత ఒక పుట్టినరోజుకు అడిగారు. పెద్దావిడ తన మందలోంచి ఒకటీ అరా ఇస్తూనే ఉండేది, మా దగ్గర మిగిలిన పెట్ట కూడా గుడ్లు పెట్టి పొదిగింది. ఆ ఏడాది ఈస్టర్ నాడు పలావు వడ్డిస్తుంటే మా సంఘపెద్ద ఒకాయన పళ్ళెం చాపి, నా వైపు కాకుండా నా వెనక నిలబడ్డ మా ఆవిడ వైపు చూస్తూ, అమ్మా, ఆ బన్ను ఎప్పుడు తినిపిస్తావు అని అడిగాడు. నా గరిటెలో పలావు అలాగే ఉంది. ఆయన పళ్ళెంలో మామూలుకంటే తక్కువ వేశాను. ఆయన గమనించలేదు. అది ఇంకా మంట పెట్టింది.

ఆఫీసులో కూడా అంతే. మా పక్క బల్ల బెంగాలీ గుమాస్తా, మీ ఇంట్లో బర్గర్ చేస్తారట కదా, మా పిల్లలు చెప్పారు అన్నాడు. మీ ఇంట్లో అన్నాడే తప్ప మీరు అనలేదు. ఇలాంటి చిన్న మాటలు ఇంటికి మోసుకొచ్చి రోజంతా తిరగేసేవాణ్ణి. ఆవిడ సైకిలు తుడుస్తుంటే, తెలీబంధా ప్రయాణమా అని ఎత్తిపొడిచేవాణ్ణి. ఆవిడ బెల్లు కొట్టి వెళ్ళిపోయేది.

ఒకరోజు ఆవిడ పగటి డ్యూటీకి వెళ్ళాక నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. పెద్దావిడ పంపిన మాంసం సగం ఇంట్లో ఉంది. నేనే బర్గర్ చేశాను. ఇన్నేళ్ళ నా చేతికి ఇదొక లెక్కా అనుకున్నాను. మాంసాన్ని కత్తులతో కొట్టి కీమా చేశాను. రొట్టె వెయ్యడం నాకు నచ్చలేదు, అది మాంసానికి అవమానం అనిపించింది. గరం మసాలా వేశాను, అల్లం వెల్లుల్లి వేశాను. బిళ్ళలు పెనం మీద వెయ్యగానే అంచులు పగిలాయి. తిప్పబోతే మూడు ముక్కలయ్యాయి. గట్టిగా అదిమితే ఉన్న రసం కాస్తా ఆవిరైపోయింది. మా అమ్మాయి బడి నుంచి రాగానే ఒకటి బన్నులో పెట్టి ఇచ్చాను. అది కొరికి, కాసేపు నమిలి, మంచినీళ్ళు తాగింది.

"అమ్మది ఇలా టూట్ అయిపోదు నాన్నా" అంది, విరిగిపోదని సగం హిందీలో.

పిల్ల మంచిది. నా మొహం చూసి వెంటనే, పలావు మాత్రం నువ్వే బాగా చేస్తావు అని కలిపింది. ఆ కలపడం ముందటి మాటకంటే ఎక్కువ బాధించింది. మిగిలినవన్నీ సీమకోళ్ళకే వేసేద్దామనుకున్నాను. వాటి జాతి మాంసమే కదా అని గుర్తొచ్చి, గోతిలో పూడ్చాను.

ఆ శీతాకాలం మా చర్చిలో కోతపండుగ వచ్చింది. కోతపండుగ నాడు ఎవరి పొలంలో, పెరట్లో, ఇంట్లో ఏది పండితే, ఏది వండితే అది తెచ్చి బల్లల మీద పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు వేలం పాడతారు, తినుబండారాలు అమ్ముతారు, వచ్చింది చర్చికి వెళ్తుంది. ఏటా నా డేక్సా ఉండేది. ఈసారి పక్కనే మా ఆవిడకు ఒక బల్ల ఇచ్చారు. చర్చిలో మూడు వారాల ముందు నుంచీ దాని గురించే మాట. పెద్దావిడ నాలుగు కోళ్ళిచ్చింది. మా పెరట్లోవి రెండు. మా ఆవిడ నాలుగు రోజుల సెలవు పెట్టుకుంది. నా పలావు సంగతి ఎవరూ అడగలేదు. అది ఎలాగూ ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. చర్చి గంట ఉన్నట్టు, పలావు ఉంటుంది.

పండుగ ఆదివారం. శనివారం మధ్యాహ్నం ఆవిడ మాంసం కోసం తెలీబంధా వెళ్ళింది. నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. పెరట్లోకి వెళ్ళాను. పుదీనా మడి ఆ ఏడాది ఎన్నడూ లేనంత పచ్చగా ఉంది. పంపు నీళ్ళు కారి కారి, ఆకులు బొటనవేలంత వెడల్పు ఉన్నాయి. కూర్చుని పీకడం మొదలుపెట్టాను. మొదట నాలుగు రెమ్మలే పీకుదామనుకున్నాను. ఎందుకో చెప్పలేను. తర్వాత చెయ్యి ఆగలేదు. వేళ్ళతో సహా, మట్టి లోపల పాకిన తీగలతో సహా, మొత్తం మడి ఎత్తేశాను. కొత్తిమీర వదిలేశాను. రెండూ పోతే అనుమానం వస్తుందని ఆలోచించేంత తెలివి అప్పుడు కూడా ఉంది నాకు. పీకింది గోనెసంచిలో కుక్కి, వీధి చివర చెత్తకుప్ప మీద పారేసి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను. చేతుల వాసన పోలేదు.

ఆవిడ వచ్చి, మాంసం నీడన దింపి, కాసేపటికి పెరట్లోకి వెళ్ళింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"పుదీనా ఏటయింది?" అని లోపలికి వచ్చి అడిగింది.

పురుగు పట్టింది, పక్కవాటికి ఎక్కుతుందని తీసేశానని చెప్పాను. ఆవిడ నన్ను చూసింది. నా చేతులు చూసింది. సంచీ తీసుకుని, మళ్ళీ సైకిలెక్కి వెళ్ళింది. బజారులో ఆ పూటకు వాడిపోయిన కట్టలు తప్ప దొరకలేదు. పెద్దావిడ కుండీలో గుప్పెడు దొరికింది. అంతమందికి గుప్పెడు ఏ మూలకు.

ఆదివారం బర్గర్లు కొత్తిమీర, వాము ఆకు, ఉల్లికాడలతోనే చేసింది. చర్చి ఆవరణలో రెండు బొగ్గు కుంపట్లు పెట్టుకుని, నర్సు ఉద్యోగంలో ఉన్న అలవాటేమో, ఒక్క చుక్క చిందకుండా, ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా కాల్చి ఇస్తూనే ఉంది. ఆమె బల్ల ముందు వరుస నా డేక్సా దాకా వచ్చి, దాన్ని చుట్టి అవతలికి వెళ్ళింది. వరుసలో నిలబడ్డవాళ్ళు నా డేక్సా మీద చేతులు ఆనించి కబుర్లు చెప్పుకున్నారు. మధ్యాహ్నం దాటేలోపు ఆవిడ బల్ల ఖాళీ. నా పలావు మూడోవంతు మిగిలింది.

చివర్లో ఆ సంఘపెద్దే వచ్చాడు. బర్గర్ తిని, మూతి తుడుచుకుని, బాగుందమ్మా, కానీ ఈస్టర్ తర్వాత మీ ఇంట్లో తిన్నదే ఇంకా బాగుంది, ఏదో తగ్గింది అన్నాడు. ముందు రోజు నుంచి నేను ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. అది వినగానే ఎంత సంతోషం వస్తుందోననుకున్నాను. మా ఆవిడ అట్లకాడ పక్కన పెట్టింది.

"పుదీనా లేదండీ ఈసారి. పురుగు పట్టీసింది" అంది.

అంతే. నన్ను చూడలేదు. ఆయన అయ్యో అనుకుంటూ వెళ్ళిపోయాడు. నా అబద్ధాన్ని ఆవిడ తన నోటితో చెప్పేసరికి నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. డేక్సా గీకడం మొదలుపెట్టాను. గీకాల్సిందేమీ లేదు, పలావు ఇంకా ఉంది అందులో.

సాయంత్రం ఇంటికి వచ్చాక, అమ్మాయి పక్కింట్లో ఆడుకుంటుంటే, ఆవిడ కుంపట్లు కడుగుతూ మొదలుపెట్టింది. చెత్తకుప్ప మీద పుదీనా చూశానంది. పుదీనా కోసం మళ్ళీ వెళ్ళి తిరిగొస్తూ చూసిందట. వేళ్ళు తీసి చూసిందట.

"ఏ పురుగూ లేదు. పుదీనా మిమ్మల్ని ఏటి చేసింది?"

అబద్ధం ఇంకొకటి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"కుళ్ళు" అన్నాను. "నీ మీద కుళ్ళు. అందరూ నీ బల్ల దగ్గరే నిలబడతారని."

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎవరింటికి వెళ్ళినా నా పలావు గురించే విన్నదట. పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన మనిషిని పట్టుకుని, నీకేం, మొగుడే వండుతాడు అంటే, తను ఏ పనీ చెయ్యని దానిలా నవ్వాల్సి వచ్చేదట. తను ఎంత మంది ప్రాణాలు నిలబెట్టిందో చర్చిలో ఒక్కరూ అడగలేదట. నా పలావులో యాలకులు ఎన్ని వేశానో మాత్రం అడిగేవారట.

"ఒక ఈస్టర్‌కి, మీరు కట్టెలు తేడానికి వెళ్తే, గుప్పిట్లో ఉప్పు పట్టుకుని డేక్సా దగ్గర నిలబడ్డాను" అంది. "వేసీద్దామనే. మూత కూడా తీసాను."

నేను ఆవిడ వైపు చూశాను.

"వెయ్యలేదు. మళ్ళీ డబ్బాలో పోసీసాను. మీరు మటుకు పీకీసారు. బస్, అదే తేడా."

క్షమించమని అడిగాను. చూద్దాం అంది. నిజంగా అదే అంది. ఒక్క మాటకే కరిగిపోయే మనిషి కాదు. ఆస్పత్రిలో మానని పుండ్లను రోజూ చూసే మనిషికి ఏది ఎన్నాళ్ళకు మానుతుందో లెక్క ఉంటుంది.

చాలా నెలలు తన వంటలో నన్ను వేలు పెట్టనివ్వలేదు. నేను పుదీనా మళ్ళీ నాటాను. అది వచ్చింది కూడా. ఆవిడ మాత్రం తెలీబంధా నుంచే తెచ్చుకునేది. నేను చూస్తుండగానే సంచీలోంచి తీసి నీళ్ళల్లో జాడించేది. పలావు వండుతూనే ఉన్నాను, పొగడ్తలు వస్తూనే ఉన్నాయి, కానీ డేక్సా మూత తీసేటప్పుడు పక్కన ఎవరి గుప్పిట్లో ఏముందోనని ఒకసారి చూసుకోవడం అలవాటైంది.

తర్వాతి కోతపండుగకు ముందు రోజు ఆవిడ భుజం పట్టేసింది. కీమా మిషను తిప్పలేకపోయింది. నన్ను పిలిచి, ఇది తిప్పండి అంది, అంతే. తిప్పాను. ఆరు కోళ్ళ మాంసం తిప్పాను. మధ్యలో ఒకసారి, ఎంత ఉప్పు వెయ్యమంటారు అని అడిగింది. నేను ఆలోచించి, నువ్వు వేసేదే సరిపోతుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్ళి నా మడిలోంచి పుదీనా కోసుకొచ్చింది.

నాలో ఆ కుళ్ళు పోయిందని చెప్పను. పెద్దావిడ పోయింది, ఆమె కోళ్ళు మా పెరట్లోకి వచ్చాయి, మా అమ్మాయి చదువు ముగించి పెళ్ళి చేసుకుని భిలాయిలో కాపురం పెట్టింది, రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని కాబోతోందని పేపర్లో రాయడం మొదలైంది. అన్నేళ్ళలోనూ ఎవరైనా మా ఆవిడ బర్గర్ పట్టుకుని కళ్ళు మూసుకుంటే నా లోపల ఏదో చిన్నగా గిల్లేది. గిల్లిందని ఆవిడకు తెలిసేది. నా వైపు చూసి, ఒక బర్గర్ విడిగా పక్కన పెట్టేది నాకు.

రెండువేల సంవత్సరంలో ఈస్టర్ భోజనాలప్పుడు, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక అమ్మాయి కాగితం, పెన్నూ పట్టుకుని మా ఆవిడ దగ్గరకు వచ్చింది. చాలా చురుకైన పిల్ల. అప్పటికే చర్చిలో ఆమె చేసిన కేకు గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. ఆంటీ, బర్గర్ ఎలా చేస్తారో చెప్పండి అని అడిగింది. మా ఆవిడ అన్నీ ఓపిగ్గా చెప్పింది. నానబెట్టిన రొట్టె, మగ్గించిన ఉల్లిపాయ, ఏ ఆకు ఎంత, ఎన్నిసార్లు తిప్పాలి. ఆ అమ్మాయి రాసుకుంది. కోడి తోలు కూడా సన్నగా తిప్పి మాంసంలో కలపాలని, ఆ కొవ్వు లేకపోతే పొడిపొడిగా వస్తుందని మాత్రం చెప్పలేదు. మిషను తిప్పి తిప్పి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"ఇంకేమైనా ఉందా ఆంటీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏటీ లేదమ్మా, అంతే" అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, మీరేమైనా చెప్తారా అంకుల్ అంది. నాకేం తెలుసమ్మా, నాది పలావు అన్నాను. మా ఆవిడ నా పళ్ళెంలోకి ఇంకో ముక్క వేసింది.